గిన్నె పెద్దదైతే సరిహద్దు జరుగుతుంది

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మొన్న ఫోన్ చేశాడు. "మామయ్యా, బాల్కనీలో డిష్ పెట్టాను. జర్మనీ వాళ్ల ఏఆర్‌డీ, జడ్‌డీఎఫ్ ఛానెళ్లు కార్డు లేకుండానే వస్తున్నాయి. పక్కనున్న ఆస్ట్రియా ఛానెల్ ఓఆర్‌ఎఫ్ మాత్రం నల్ల తెర. శాటిలైట్ ఒకటే కదా, ఎందుకిలా?"

కారణం ప్రసార హక్కులు. ఆస్ట్రియా జనాభా సుమారు 90 లక్షలు, జర్మనీది 8 కోట్ల పైమాటే, ఇద్దరి భాషా జర్మనే. ఓఆర్‌ఎఫ్ ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ కొంటే ఆస్ట్రియా వరకే కొంటుంది. తాళం లేకుండా, అంటే కార్డు లేనివాళ్లకు అందకుండా సిగ్నల్‌ను గజిబిజి చేయకుండా, వదిలితే జర్మనీ అంతా చూస్తుంది, అమ్మేవాడు జర్మనీ రేటు అడుగుతాడు. అందుకే సిగ్నల్‌కు తాళం వేసి ఆస్ట్రియాలో ఉండేవాళ్లకే కార్డులిస్తారు. స్విట్జర్లాండ్‌దీ ఇదే పద్ధతి.

నన్ను ఎన్నాళ్లుగానో ఆకట్టుకున్నది మాత్రం బ్రిటన్ పట్టిన దారి. 2003లో బీబీసీ తన శాటిలైట్ ప్రసారాలకు తాళం తీసేసింది. దానికి బదులు ఆస్ట్రా 2డి అనే శాటిలైట్‌కు మారింది. దాని కిరణాన్ని బ్రిటిష్ దీవుల మీద పడేలా సన్నగా మలిచారు. అంటే తాళం పని భౌతికశాస్త్రానికి అప్పజెప్పారన్నమాట!

శాటిలైట్ సిగ్నల్‌ను వాన అనుకోండి. డిష్ అంటే ఆ వానలో పెట్టిన గిన్నె. లండన్‌లో జోరు వాన కాబట్టి చిన్న గిన్నె చాలు. దక్షిణానికి పోయేకొద్దీ అది తుంపరవుతుంది. అయితే గిన్నె వ్యాసం రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ తీసేసి 1.2 మీటర్లది పెడితే, వాన నాలుగో వంతే పడే ఊళ్లోనూ అదే బొమ్మ. 2.4 మీటర్లదైతే పదహారో వంతు చాలు. స్పెయిన్ తీరంలో స్థిరపడ్డ బ్రిటిష్ వాళ్లు సరిగ్గా ఇదే చేశారు. కాకపోతే డిజిటల్ సిగ్నల్‌కు గిన్నెలో ఒక గీత ఉంటుంది. నీళ్లు ఆ గీత దాకా వస్తే బొమ్మ శుభ్రంగా ఉంటుంది. కాస్త తగ్గితే ముక్కలు ముక్కలై, తర్వాత ఏమీ ఉండదు.

మరి శాటిలైట్ ఆ వానను సరిహద్దు దగ్గరే ఆపలేదా? ఆపలేదు. తొంభైల్లో మా వీధి కేబుల్ ఆపరేటర్ మేడ మీద పన్నెండు అడుగుల జల్లెడ డిష్ ఉండేది. ఆయన స్పానర్‌తో బోల్టు వదులు చేసి, అంచును అంగుళం జరిపితే కింద టీవీలో చుక్కలు మొదలయ్యేవి. డిష్ ఎంత పెద్దదైతే దాని చూపు అంత సన్నం. ఆ చూపు వెడల్పు, డిగ్రీల్లో, దాదాపు 70ని తరంగ దైర్ఘ్యంతో గుణించి డిష్ వ్యాసంతో భాగిస్తే వస్తుంది. దీని వెనకున్నది వివర్తనం, అంటే సందులోంచో అంచు పక్కనుంచో వెళ్లే తరంగాలు పక్కలకు పరుచుకోవడం. ఇంటర్‌లో దీన్ని సన్నని చీలికతో మొదలుపెట్టి, మార్కుల కోసం బట్టీ పట్టిస్తారు. పిల్లల్ని మేడెక్కించి డిష్ చూపిస్తే జన్మలో మరిచిపోరు.

అదే సూత్రం పైనున్న శాటిలైట్‌కూ వర్తిస్తుంది. తరంగ దైర్ఘ్యం 2.5 సెంటీమీటర్లు, శాటిలైట్ డిష్ 2.4 మీటర్లు అనుకుందాం. కోణం 0.73 డిగ్రీలు. అక్కడి నుంచి బ్రిటన్ దాదాపు 39,000 కిలోమీటర్లు. ఆ కోణాన్ని ఈ దూరానికి లెక్కగడితే కిరణం నేల మీద పడేచోట సుమారు 500 కిలోమీటర్ల మచ్చ. ఇదీ మన చేతిలో ఉన్న కుంచె. డిష్ ఉపరితలాన్ని వంపులు తిప్పి మచ్చ ఆకారం మార్చగలం గానీ, ఇంత లావు కుంచెతో ముగ్గు గీత గీయలేం. లండన్ నుంచి పారిస్ 340 కిలోమీటర్లే! కాబట్టి ఫ్రాన్స్ ఉత్తర భాగం, బెల్జియం, నెదర్లాండ్స్ తడవక తప్పదు. అంచును 50 కిలోమీటర్లకు పదును పెట్టాలంటే శాటిలైట్‌కు 24 మీటర్ల డిష్ కావాలి.

2014లో బీబీసీ ఆస్ట్రా 2ఈకి మారింది. దాని కిరణం ఇంకా బిగువు. దక్షిణ స్పెయిన్‌లో ఎంతోమంది పెద్ద డిష్‌లు ఆ రోజుతో పనికిరాకుండా పోయాయి. సముద్రం, ఫ్రాన్స్ అడ్డుండబట్టి బ్రిటన్‌కు ఆ మాత్రమైనా సాధ్యమైంది.

మా వాడికి ఇదంతా చెప్పి, మ్యాప్ తీసి మ్యూనిక్ నుంచి ఆస్ట్రియా సరిహద్దు ఎంత దూరమో చూడమన్నాను. వంద కిలోమీటర్లు కూడా లేదు. కుంచె వెడల్పులో అయిదో వంతు. వాడి బాల్కనీని తడపకుండా ఆస్ట్రియాను తడిపే శాటిలైట్ లేదు కాబట్టే, వియన్నా వాళ్లు తాళం వేశారు.