పర్యావరణ పర్యాటకం: అడవి సంపాదన ఎవరి చేతికి?

మధ్య ఆఫ్రికాలోని విరుంగా పర్వతాలలో 1980ల ఆరంభంలో లెక్కించినప్పుడు కొండ గొరిల్లాలు సుమారు 250 మాత్రమే మిగిలి ఉన్నాయి. 2015–16లో అదే ప్రాంతంలో జరిగిన లెక్కింపులో 604 కనిపించాయి. పెరుగుదల స్పష్టంగా ఉండటంతో, ఏ జీవికి ఎంత ముప్పుందో అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2018లో ఈ ఉపజాతి అంతరించే ముప్పును ఒక మెట్టు తగ్గించి నమోదు చేసింది. యుద్ధాలు, వేట, సాగుభూమికై పోరు ఇవన్నీ ఉన్నచోట ఇది ఎలా సాధ్యమైందని ఆరా తీస్తే వచ్చే సమాధానాలలో పర్యావరణ పర్యాటకం, అంటే ప్రకృతిని చెడగొట్టకుండా చూసి, ఆ రాబడితో దాన్నీ స్థానికులనూ ఆదుకునే పర్యాటకం, ముఖ్యమైనది.

ఆ పర్యాటకం నడిచే తీరు కఠినమైనది. విరుంగా పర్వతాలు విస్తరించిన దేశాలలో ఒకటైన రువాండాలో ఒక గొరిల్లా గుంపును రోజుకు ఎనిమిది మందికి మించి చూడనివ్వరు, అదీ ఒక గంటసేపే. గొరిల్లాలు మనకు ఎంత దగ్గరి బంధువులంటే మన జలుబే వాటికి ప్రాణాంతకం కావచ్చు. అందుకే కొన్ని మీటర్ల దూరం తప్పనిసరి, దగ్గు, జ్వరం ఉన్నవారికి ప్రవేశమే లేదు. అనుమతి పత్రం ధరను 2017లో 750 డాలర్ల నుంచి 1,500 డాలర్లకు పెంచారు. సామాన్యుడికి అందని ఈ ధర అన్యాయమనిపించవచ్చు, కానీ తక్కువ మందితో ఎక్కువ రాబడి కావాలంటే మరో దారి కనిపించదు. అదే ఏడాది పార్కుల పర్యాటక ఆదాయంలో చుట్టుపక్కల ప్రజలకు చెందే వాటాను 5 నుంచి 10 శాతానికి పెంచారు. బడులకు, ఆరోగ్య కేంద్రాలకు, తాగునీటికి అది ఖర్చవుతుంది.

ఇందులో గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. విరుంగాలో దశాబ్దాల గణాంకాలను పరిశీలించి 2011లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, పర్యాటకులో పరిశోధకులో తరచూ దగ్గరికి వెళ్లడం వల్ల మనుషులకు అలవాటుపడిన గుంపులు ఏటా సుమారు 4 శాతం పెరగగా, అలవాటుపడని గుంపులు కొద్దికొద్దిగా తగ్గాయి. సందర్శకులు చూసినంత మాత్రాన ఏ జంతువూ పెరగదు. అలవాటుపడిన గుంపు వెంట రోజూ కాపలాదారులు నడుస్తారు, ఉచ్చులు తొలగిస్తారు, గాయపడిన గొరిల్లాకు పశువైద్యులు అడవిలోనే చికిత్స చేస్తారు. ఇంత మందికి ఏళ్ల తరబడి జీతాలు ఇవ్వడానికి పర్యాటకుల డబ్బు తోడ్పడుతుంది.

హద్దులు చెరిగినచోట ఫలితం తలకిందులవుతుంది. కెన్యాలోని మసాయి మారాలో చీతాలపై 2018లో వెలువడిన పరిశోధనలో, పర్యాటక వాహనాల తాకిడి తక్కువగా ఉన్నచోట ఒక్కో కాన్పులో సగటున రెండుకు పైగా పిల్లలు పెరిగి పెద్దవి కాగా, తాకిడి ఎక్కువగా ఉన్నచోట ఐదు కాన్పులకు ఒక పిల్ల మాత్రమే దక్కింది. సందర్శకులందరూ జంతుప్రేమికులే అయి ఉంటారనడంలో నాకు సందేహం లేదు, ఆ ప్రేమే పదుల వాహనాలను ఒకే తల్లి చుట్టూ చేర్చుతుంది.

స్థానికుల విషయంలోనూ పైపై లెక్కలు సరిపోవు. కొండ గొరిల్లాలు ఉండే మరో చోటు, ఉగాండాలోని బ్విండీ అడవిని 1991లో జాతీయ పార్కుగా ప్రకటించినప్పుడు, తరతరాలుగా అడవిని నమ్ముకున్న బట్వా ప్రజలు అక్కడి నుంచి వెళ్లగొట్టబడ్డారు. తరువాత వచ్చిన ఏ ఆదాయ వాటా ఆ నష్టాన్ని పూడ్చగలదు? నమీబియా మరో మార్గం పట్టింది. 1996 నాటి చట్ట సవరణతో ఉమ్మడి భూములలో నివసించేవారు సంఘాలుగా ఏర్పడి, తమ ప్రాంతపు వన్యప్రాణుల నిర్వహణపైనా వాటి ద్వారా వచ్చే రాబడిపైనా హక్కులు పొందారు. విడిది గృహాలు నడిపే కంపెనీలతో ఒప్పందాలు చేసుకునేది ఈ సంఘాలే, గ్రామ కాపలాదారులకు జీతాలిచ్చేదీ అవే. ఇప్పుడు ఇలాంటి సంఘాలు 80కి పైగా ఉండి, దేశ భూభాగంలో దాదాపు ఐదో వంతును చూసుకుంటున్నాయి. వీటి ఆదాయంలో కొంత వేట అనుమతుల నుంచి కూడా వస్తుంది, దానిపై వివాదం నేటికీ తెగలేదు. అయినా, మందలో పశువును సింహం ఎత్తుకుపోతే నష్టపోయేది గ్రామస్థుడే కనుక, సింహం తెచ్చే డబ్బుపై మొదటి మాట అతనిదే కావాలన్న సూత్రం న్యాయమైనది.

పర్యాటకం ఒక్కదానినే నమ్ముకోవడంలోని ప్రమాదం 2020లో బయటపడింది. కోవిడ్ వల్ల సందర్శకులు ఆగిపోగానే రక్షణకు వచ్చే నిధులూ, గ్రామాలలో సంపాదనా ఒకేసారి పడిపోయాయి. ఆ జూన్‌లో, చిన్న జంతువుల కోసం బ్విండీలోకి చొరబడిన ఒక వేటగాడి చేతిలో, రఫీకి అనే పేరున్న పెద్ద మగ గొరిల్లా చనిపోయింది. ఈ విషయంలో కోస్టారికా ముందుచూపు మెచ్చదగినది. పర్యావరణ పర్యాటకానికి పేరెన్నికగన్న ఆ దేశం, 1996 అటవీ చట్టం కింద, తమ భూమిలో చెట్లను నిలిపిన యజమానులకు ఇంధన పన్ను రాబడి నుంచి సొమ్ము చెల్లించడం మొదలుపెట్టింది. అందువల్ల విమానాలు ఆగిన ఏడాదిలో కూడా అడవిని అట్టిపెట్టుకున్న రైతుకు సందర్శకులతో నిమిత్తం లేని ఒక ఆదాయ మార్గం ఉంది.