ఒకే పేరు, రెండు బ్యాండ్‌లు: ఈ గొడవలు ఎలా మొదలయ్యాయి?

పాట పేరుకి గానీ ఆల్బమ్ పేరుకి గానీ అమెరికాలో కాపీరైట్ ఉండదు. ఒకే పేరుతో ఎన్ని పాటలైనా రావచ్చు. బ్యాండ్ పేరు అలా కాదు, అది ట్రేడ్‌మార్క్ చట్టం కిందికి వస్తుంది. రిజిస్టర్ చేయించుకోకపోయినా సరే, ముందుగా వాడుకలో పెట్టినవాళ్లకు అక్కడ హక్కు ఉంటుంది. కానీ ఆ హక్కు ఆ దేశం సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. చిక్కంతా అక్కడే.

రికార్డులు, క్యాసెట్లు, సీడీలు దేశాలవారీగా అమ్ముడైన రోజుల్లో దీనికి ఒక సులువైన మార్గం ఉండేది. పేరుకు ఒక తోక తగిలిస్తే సరిపోయేది. బ్రిటన్‌కు చెందిన ‘ది బీట్’ అమెరికా వెళ్లేసరికి అక్కడ పాల్ కాలిన్స్ బ్యాండ్ అదే పేరుతో ఉంది. దాంతో వీళ్లు ‘ది ఇంగ్లిష్ బీట్’ అయ్యారు. ‘స్వేడ్’ అమెరికాలో ‘ది లండన్ స్వేడ్’గా మారింది. ఐర్లండ్‌లో మరో ‘బ్లింక్’ ఉండటంతో కాలిఫోర్నియా కుర్రాళ్లు 1995లో తమ పేరు పక్కన 182 చేర్చుకున్నారు.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది ‘బుష్’ వ్యవహారం. కెనడా గిటారిస్ట్ డొమెనిక్ ట్రోయానో ఉన్న ‘బుష్’ 1970లో ఒకే ఒక్క ఆల్బమ్ తెచ్చింది. పాతికేళ్ల తర్వాత లండన్ బ్యాండ్ ‘బుష్’ దుమ్ము రేపుతున్నా, ఆ పేరు హక్కు ట్రోయానోదే కావడంతో కెనడాలో మాత్రం ‘బుష్ ఎక్స్’ అనే పేరుతోనే సీడీలు అమ్ముకోవాల్సి వచ్చింది. 1997లో రాజీ కుదిరింది. రెండు సేవాసంస్థలకు 20,000 డాలర్ల చొప్పున విరాళం ఇస్తే చాలన్నారు ట్రోయానో. ఆ ఎక్స్ పోయింది.

అన్నీ ఇంత సాఫీగా తేలలేదు. 1960లలోనే లండన్‌లో ‘నిర్వాణ’ పేరుతో ఒక బృందం ఆల్బమ్‌లు చేసింది. కర్ట్ కోబేన్ బ్యాండ్ అదే పేరుతో ప్రపంచమంతా మార్మోగాక పాత బృందం 1992లో కోర్టుకెళ్లింది. చివరికి కోర్టు బయట సర్దుబాటు చేసుకుని, ఇద్దరూ ఆ పేరు వాడుకున్నారు.

స్ట్రీమింగ్ వచ్చాక తోకల ఉపాయం పనికిరాకుండా పోయింది. అన్ని దేశాల పాటలూ ఒకే సెర్చ్‌లో కనిపిస్తాయి, ఎక్కువమంది వినే కళాకారులే పైకొస్తారు. 2020 జూన్‌లో అమెరికాలోని నాష్‌విల్‌కు చెందిన కంట్రీ సంగీత బృందం ‘లేడీ యాంటిబెల్లం’, బానిసత్వపు రోజులను గుర్తుచేసే మాట వద్దనుకుని ‘లేడీ ఎ’గా మారింది. ఉద్దేశం మంచిదే. కానీ సియాటిల్‌లో అనితా వైట్ అనే నల్లజాతి బ్లూస్ గాయని అప్పటికే ఇరవై ఏళ్లకు పైగా ‘లేడీ ఎ’ పేరుతోనే పాడుతోంది. మొదట్లో సామరస్యంగా మాట్లాడుకున్నా ఒప్పందం కుదరలేదు. ఆమె కోటి డాలర్లు అడిగింది, అందులో సగం సేవాకార్యక్రమాలకు ఇస్తానంది. జూలైలో బృందమే కోర్టుకెక్కింది. పదేళ్ల కిందటే ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు చేశామని, అప్పుడెవరూ అభ్యంతరం చెప్పలేదని వాదించింది. తన పాటలు వెతికినా దొరకడం లేదంటూ సెప్టెంబర్‌లో ఆమె ఎదురు దావా వేసింది. 2022 మొదట్లో రెండు కేసులూ రాజీతో ముగిశాయి. షరతులు బయటపెట్టలేదు.

ఇద్దరిలో ఎవరిది న్యాయమంటే నేను అనితా వైట్ పక్షమే. రిజిస్ట్రేషన్ కాగితం లేనంత మాత్రాన రెండు దశాబ్దాల పాట చెరిగిపోకూడదు.

సాంకేతికంగా దారి లేకపోలేదు. ఒకే పేరున్న కళాకారులను వేరుచేయడానికి 16 అంకెల ఐఎస్ఎన్ఐ నంబర్ 2012 నుంచి అంతర్జాతీయ ప్రమాణంగా ఉంది. రాయల్టీ ఎవరికి చేరాలో తేల్చడానికి అది బాగా ఉపయోగపడుతుంది. కానీ శ్రోత సెర్చ్‌లో కొట్టేది పేరే. అక్కడ చిన్న కళాకారులు కూడా కనిపించేలా చేయాల్సింది స్ట్రీమింగ్ కంపెనీలే. ఊరు, పాడే తరహా పేరు పక్కనే చూపించినా వెతికేవాళ్లకు సగం తికమక తప్పుతుంది.