పడుగు ఒక్కటే ఉంటే బట్ట కాదు

కడప నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మకు ఆపరేషన్ జరిగిన రెండు గంటలు ఆమె లెక్కలో లేనే లేవు. నిద్రలోనైనా ఎంతో కొంత సేపు గడిచినట్టు తెలుస్తుంది కదా, మరి అప్పుడు మనసు ఎక్కడికి పోయినట్టు?" చిక్కంతా ఆ 'ఎక్కడికి' అనే మాటలోనే ఉంది. స్పృహ మెదడులో సాగే ఒక నేత అని నా నమ్మకం. నేత ఆగితే అది ఎక్కడికీ పోదు, ఉండదు, అంతే.

మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటే, వాటిలో సుమారు 6,900 కోట్లు తల వెనుక ఉన్న చిన్న మెదడులోనివే. పుట్టుకతోనే ఆ చిన్న మెదడు లేని 24 ఏళ్ల చైనా యువతిని గురించి 2014లో వైద్యులు ప్రకటించారు. ఆమె నడక తడబడేది, మాట కొంత ముద్దగా వచ్చేది, కానీ స్పృహకు ఏ లోటూ లేదు. పెద్ద మెదడు పైపొరలో ఉన్నవి 1,600 కోట్లే అయినా, అది విస్తారంగా దెబ్బతింటే స్పృహ పోతుంది. మన బడుల్లో చిన్న మెదడు అనగానే 'శరీర సమతుల్యత' అని ఒక మార్కు జవాబు రాయించి వదిలేస్తారు; అన్ని కణాలున్న చోట అనుభవం ఎందుకు పుట్టదన్న ప్రశ్న పిల్లల దాకా రానే రాదు.

ధర్మవరంలో గుంటమగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, మాత్రమే సాగదీసి ఉన్నప్పుడు ఒక పోగును గోటితో మీటితే, అది ఒక్కటే అదురుతుంది, పక్క పోగుకు ఆ సంగతే తెలియదు. చిన్న మెదడు నిర్మాణం దాదాపు ఇంతే: ఒకే రకం చిన్న చిన్న వలయాలు పక్కపక్కనే ఉండి, ఎవరి పని వారిదన్నట్టు పనిచేస్తాయి. పేక, అంటే అడ్డపోగు, పడి నేసిన భాగాన్ని రెండు వేళ్లతో పట్టి లాగితే ముడత దూరం దాకా పాకుతుంది, అదీ బుటా దగ్గర ఒకలా, జరీ అంచు దగ్గర మరోలా పాకుతుంది. పెద్ద మెదడు పైపొర అటువంటి నేత. 2005లో నాడీశాస్త్రవేత్తలు మార్చెల్లో మస్సిమిని, జూలియో టొనోనిల బృందం తల బయటి నుంచే అయస్కాంత స్పందనతో ఆ పైపొరను ఒక చోట మీటి, దాని ప్రతిధ్వనిని, మెదడు విద్యుత్ సంకేతాలను తల పైనుంచి నమోదు చేసే ఈఈజీలో చూసింది. మెలకువలో అది సెకనులో దాదాపు మూడో వంతు కాలం చోటు నుంచి చోటుకు పాకింది. గాఢనిద్రలో మీటిన చోటే అణగిపోయింది.

అయితే కలిసి ఉండటమొక్కటే చాలదు. గంజి పట్టించిన నూలు పడుగును విడదీయకుండా ఎండనిస్తే పోగులన్నీ అట్టకట్టి ఒక్కటిగా కదులుతాయి, అందులో నేతా ఉండదు, బుటా ఉండదు. మెదడంతా వ్యాపించే మూర్ఛలో కోట్ల కణాలు ఒకే లయలో ఎగసిపడతాయి, ఆ ఉధృతిలోనే స్పృహ పోతుంది. అలాంటివారి చేతిలో తాళంచెవులు పెట్టడం మన ఊళ్లలో ఇప్పటికీ చూస్తున్నాను. ఇనుము ఆ అట్టను విడదీయలేదు. మనిషిని పక్కకు ఒత్తిగిలజేసి, 5 నిమిషాల్లో తగ్గకపోతే ఆసుపత్రికి చేర్చాలి.

ఆ పాఠకుడి తల్లికి ఇచ్చిన మత్తుమందు ప్రొపోఫాల్ వంటిదైతే, ఆ రెండు గంటలు పేక పడలేదని చెప్పవచ్చు. కెటమైన్ అనే మరో మత్తుమందు సంగతి వేరు: మనిషి పలకడు, అయినా ప్రతిధ్వని దూరం దాకా పాకుతుంది, లేచాక చాలామంది తమకు వచ్చిన కలలు చెబుతారు. ఈ నేతకు లోపలి నుంచి ఒక అనుభవం అసలు ఎందుకు ఉండాలన్నది మాత్రం, తత్వవేత్త డేవిడ్ చామర్స్ 1995లో 'కఠిన సమస్య' అన్న ప్రశ్న, ఇంకా తెగలేదు. కానీ కళ్లు తెరిచి ఉన్నా పిలిస్తే పలకని 43 మంది రోగులను 2016లో ఇదే అయస్కాంత పద్ధతిలో పరీక్షించినప్పుడు, 9 మందిలో ఆ ప్రతిధ్వని స్పృహలో ఉన్నవారిలో లాగే పాకింది.