గాలిలో స్వరస్థానాలు నిలిపిన క్లారా రాక్‌మోర్

థెరెమిన్ అనే వాద్యం చాలామందికి పాత హాలీవుడ్ చిత్రాల్లో భయం గొలిపే ఘట్టాల వెనుక వినిపించే వణుకుడు ధ్వనిగానే పరిచయం. దానిమీద శాస్త్రీయ సంగీతం పలుకుతుందా, లేక అది వింత శబ్దాలు చేసే యంత్రం మాత్రమేనా అన్న సందేహం ఆ వాద్యాన్ని మొదటినుంచీ వెంటాడుతోంది. నిజానికి 1930లలోనే న్యూయార్క్ వేదికల మీద క్లారా రాక్‌మోర్ దానికి సమాధానం చెప్పారు. అయినా సందేహం తీరకపోవడానికి కారణం తెలియాలంటే ఆమె సాధననూ, ఆ వాద్యాన్ని జనానికి అమ్మిన తీరునూ పక్కపక్కన పెట్టి చూడాలి.

పెట్రోగ్రాడ్‌లో (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) అబ్రామ్ ఇయోఫే నేతృత్వంలోని భౌతికశాస్త్ర సంస్థలో పనిచేస్తున్న లెవ్ తెర్మెన్ 1920 ప్రాంతంలో దీన్ని రూపొందించారు. పాశ్చాత్య దేశాలలో ఆయన పేరు లియోన్ థెరెమిన్‌గా మారింది. వాద్యానికీ అదే పేరు నిలిచింది. పెట్టె లోపల రేడియో పౌనఃపున్యంలో పనిచేసే రెండు ఆసిలేటర్లు, అంటే విద్యుత్ కంపనాలను పుట్టించే వలయాలు, ఉంటాయి. ఒకటి స్థిరంగా ఉంటే, రెండోదాని పౌనఃపున్యం నిలువు ఆంటెన్నాకు కుడిచెయ్యి దగ్గరయ్యేకొద్దీ మారుతుంది. ఆ రెండింటి మధ్య ఉండే తేడాయే మన చెవికి స్వరమై వినిపిస్తుంది. ఎడమచేతిని అడ్డంగా ఉన్న రెండో ఆంటెన్నా మీదికి దించితే నాదం తగ్గుతుంది, పైకెత్తితే పెరుగుతుంది.

వాయించేవారు తాకేందుకు తీగ లేదు, మెట్టు లేదు, మీట లేదు. వీణ మీద స్వరాన్ని మెట్టు పట్టి నిలుపుతుంది, తీగను లాగి గమకాన్ని సాధించాలి. థెరెమిన్ మీద ఇది తలకిందులు: చెయ్యి కదిలితే చాలు జారు దానంతటదే వచ్చేస్తుంది, స్వరం నిలబడడమే గగనం. తల కాస్త తిప్పినా, ఊపిరి గట్టిగా తీసినా శ్రుతి చలిస్తుంది.

ఇంతటి వాద్యానికి తగిన చెవి క్లారాకు బాల్యంలోనే అబ్బింది. 1911 మార్చి 9న విల్నాలో (నేటి లిథువేనియా రాజధాని విల్నియస్), యూదు కుటుంబంలో పుట్టిన క్లారా రైసెన్‌బర్గ్‌కు ఇంకా అయిదారేళ్లు నిండకముందే సెయింట్ పీటర్స్‌బర్గ్ సంగీత కళాశాల వయొలిన్ విద్యార్థినిగా ప్రవేశం ఇచ్చింది. మహా గురువు లియోపోల్డ్ ఆవర్ దగ్గర ఆమె శిక్షణ పొందారు. విప్లవానంతరం కుటుంబం రష్యా విడిచి, 1921లో అమెరికా చేరింది. కానీ ఆకలితో గడిచిన బాల్యం శరీరం మీద తన ముద్ర వేసింది. కమాను పట్టే చేతికి వచ్చిన బాధ వల్ల యౌవనారంభంలోనే ఆమె వయొలిన్‌ను వదులుకోవలసి వచ్చింది. చేతిలోంచి వాద్యం జారిపోయాక కూడా లోపల సంగీతం నిండుగా ఉన్న మనిషికి అది ఎంతటి నరకమో ఊహించుకోవచ్చు.

1927 చివర న్యూయార్క్ వచ్చిన లియోన్ థెరెమిన్‌తో పరిచయం ఆమె దారి మార్చింది. ఆయన ఆమెను ప్రేమించారు, పెళ్లి చేసుకోమని అడిగారు. ఆమె మాత్రం న్యాయవాది రాబర్ట్ రాక్‌మోర్‌ను పెళ్లాడారు. సంగీత చరిత్రకు ఇంతకంటే ముఖ్యమైనది వారిద్దరి మధ్య సాగిన మరో సంభాషణ. సుమారు మూడు స్థాయిలే పలికే వాద్యాన్ని అయిదు స్థాయిలకు పెంచమనీ, స్వరాలను విడివిడిగా తుంచి పలికించడానికి వీలుగా ఎడమచేతి కదలికకు నాదం చురుకుగా స్పందించేలా చేయమనీ, శ్రోతలకు తాను కనిపించేలా పెట్టె ఎత్తు తగ్గించమనీ ఆమె అడిగారు. ఆయన అలాగే ఆమెకోసం ప్రత్యేకంగా ఒక వాద్యాన్ని తయారుచేశారు. దానిమీద ఆమె గాలిలోనే వేళ్ల స్థానాలను నిర్ణయించుకుని, స్వరం నుంచి స్వరానికి మధ్య జారు వినబడకుండా ఎడమచేత్తో నాదాన్ని క్షణకాలం అణచే పద్ధతిని సాధించారు. నా దృష్టిలో థెరెమిన్ వాద్యంగా మారింది ఇక్కడే. అంతకుముందు అది ఒక గొప్ప ప్రయోగం.

1934లో న్యూయార్క్ టౌన్ హాల్‌లో ఆమె కచేరీ చేశారు. 1940లలో గాయకుడు పాల్ రోబ్సన్‌తో కలిసి పర్యటించారు. స్వరకర్త అనీస్ ఫులైహాన్ ఆమెకోసం రాసిన కన్సర్టోను (వాద్యబృందంతో కలిసి ఒక ప్రధాన వాద్యం పలికే రచన) 1945లో లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ నిర్వహణలో తొలిసారి వినిపించారు.

మరోవైపు అమెరికా రేడియో సంస్థ ఆర్‌సీఏ 1929లో థెరెమిన్లను మార్కెట్‌లోకి తెచ్చి, ఈల వేయగలిగినవారెవరైనా దీన్ని వాయించగలరన్నట్టు ప్రచారం చేసింది. ఆ ఏడాదే స్టాక్ మార్కెట్ కూలింది. తయారైనవి సుమారు 500. కొన్నవారికి నేర్పే గురువులు లేరు, పాఠాలు లేవు; సాధన లేని చేతుల్లో అది మూలిగింది. 1938లో లియోన్ థెరెమిన్ సోవియట్ యూనియన్‌కు తిరిగి వెళ్లి కోలిమాలోని నిర్బంధ శ్రమ శిబిరం పాలయ్యారు. అప్పటికి వాద్యాన్ని మెరుగుపరిచే మనిషి కూడా లేకపోయారు. తరువాత సినిమాలు దాన్ని అందిపుచ్చుకుని భయానికీ వింతకూ గుర్తుగా స్థిరపరిచాయి. రాక్‌మోర్ ఆ దారి తొక్కలేదు. రాహ్మనినోవ్, సాంసాన్స్ వంటి వారి రచనలే ఆమె బాణీ.

ఆమె నిష్ఠ ఎంత గొప్పదో, దాని ఫలం శ్రోతలకు అందడంలో జరిగిన ఆలస్యం అంత బాధాకరం. సింథసైజర్ రూపకర్త రాబర్ట్ మోగ్ దంపతుల చొరవతో, అక్క నాడియా పియానో సహకారంతో ఆమె తొలి ఆల్బమ్ 1977లో వెలువడింది. అప్పటికి ఆమెకు 66 ఏళ్లు. యువకుడిగా థెరెమిన్లు తయారుచేస్తూనే ఎలక్ట్రానిక్ సంగీతంలోకి అడుగుపెట్టిన మోగ్‌కు ఆ రుణం తెలుసు. కానీ అంతకుముందు నాలుగు దశాబ్దాలపాటు, కచేరీకి వెళ్లలేని విద్యార్థికి ఆదర్శంగా వినడానికి ఏమీ లేదు.

1991లో తొంభై అయిదేళ్ల థెరెమిన్ న్యూయార్క్ వచ్చి ఆమెను కలిశారు. ఆమె 1998 మే 10న కన్నుమూశారు. థెరెమిన్ బంధువైన లిడియా కావినా తొమ్మిదేళ్ల వయసు నుంచి ఆయన దగ్గరే నేర్చుకున్నారు. కావినా దగ్గర నేర్చుకున్న జర్మనీకి చెందిన కరోలినా ఐక్ గాలిలో వేళ్ల స్థానాలకు తనదైన పద్ధతిని రూపొందించి, కొత్తవారికి నేర్పుతున్నారు.