బాగా కనిపించే కంటికే పట్టీ ఎందుకు?

చిరంజీవి బుజ్జికి,

"తాతయ్యా, సరిగ్గా కనిపించనిది ఎడమ కన్నైతే డాక్టరుగారు పట్టీ కుడి కంటికి వేశారేంటి? పొరపాటు పడ్డారా?" అని రాశావు. పొరపాటు కాదమ్మా.

కాడికి కట్టిన జోడెడ్లను ఊహించుకో. ఒక్కో కంటిని ఆరు కండరాలు పగ్గాల్లా పట్టుకుని తిప్పుతాయి. వాటిలో ఒకటి, బావితాడు గిలక మీదుగా పోయినట్టు, ముక్కు పక్కనున్న బుల్లి గిలకలోంచి దూరి వెనక్కి మళ్లి కంటిని పట్టుకుంటుంది. పన్నెండు పగ్గాల్లో ఏ ఒక్కటి బిగిసినా, వదులైనా, దాన్ని ఆడించే నరం దెబ్బతిన్నా ఒక ఎద్దు పక్కదారి పడుతుంది. అదే మెల్లకన్ను. దీర్ఘదృష్టి ఎక్కువగా ఉన్న పిల్లల్లో పగ్గాలు బాగానే ఉన్నా కన్ను లోపలికి తిరుగుతుంది. వాళ్లలో చాలామందికి కళ్లజోడుతోనే తిన్నబడుతుంది.

రెండు కళ్లూ రెండు చోట్ల చూస్తే పెద్దవాళ్లకు ఒకటి రెండుగా కనిపిస్తుంది. పిల్లల మెదడు అలా కానివ్వదు. తిరిగిన కన్ను పంపే బొమ్మను పక్కన పెట్టేస్తుంది. ఇక ఆ ఎద్దు కాడి కింద ఉత్తినే నడుస్తుంది, బరువంతా రెండోదే లాగుతుంది. అలా కంటిలో జబ్బేమీ లేకపోయినా చూపు మందగిస్తుంది. అందుకే బలమైన ఎద్దును రోజూ కాసేపు కాడి విప్పి కట్టేస్తారు. చూపు తగ్గినదాన్నిబట్టి కొందరికి 2 గంటలు, కొందరికి 6. పట్టీ చర్మానికి అంటుకోవాలి, కళ్లజోడు దాని పైన పెట్టుకోవాలి. సందులోంచి తొంగి చూస్తే ఆ పూట వృథా. చెప్పినదానికంటే ఎక్కువసేపు వేసినా మంచి కన్ను మందగించవచ్చు. ఏడేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. "పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది" అనే మాట నమ్మి ఆ వయసు దాటబెడితే నాకు చాలా బాధ. పసికందుల కళ్లు అటూ ఇటూ పోవచ్చు, కానీ నాలుగు నెలలు దాటాక కూడా పోతుంటే చూపించాల్సిందే.

తమ్ముడి రెప్ప వాలి ఉంటోందన్నావుగా, వాణ్ణీ తీసుకెళ్లమను. రెప్ప కంటిపాపను కప్పేస్తే ఆ కంటికీ ఇదే గతి. గడ్డం పైకెత్తి చూస్తున్నాడా, సాయంత్రానికి రెప్ప ఇంకా వాలుతోందా అని అమ్మను గమనించమను. పాత ఫొటోలు తీసుకెళ్తే ఎప్పటినుంచి అలా ఉందో డాక్టరు పోల్చుకుంటారు. రెప్ప ఉన్నట్టుండి వాలినా, ఒకటి రెండుగా కనిపించడం మొదలైనా, ఒక కంటిపాప పెద్దదైనా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

పరీక్షలో చుక్కలు వేస్తే కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, వెలుగు గుచ్చుతుంది. భయపడకు.

పట్టీ తీశాక అద్దం ముందు నిలబడు. నీ ఎడమ కన్ను చూడు, వెంటనే కుడి కన్ను చూడు. నీ కళ్లు కదలడం నీకు కనిపించనే కనిపించదు. ఇప్పుడు తమ్ముణ్ణి పక్కన నిలబెట్టి, వాడికి ఏం కనిపించిందో అడిగి నాకు రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య