బియ్యం కార్డు దరఖాస్తు: 24 రూపాయల పనికి ఇంత టెన్షన్ ఎందుకు?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బియ్యం కార్డు (రేషన్ కార్డు) పనిమీద గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్లినవాళ్లకు తరచుగా ఎదురయ్యే మాట "మ్యాపింగ్ కాలేదు", అంటే ఎవరు ఏ కుటుంబమో ప్రభుత్వ రికార్డులో సరిగా నమోదు కాలేదని. పెళ్లై వేరు కాపురం పెట్టినవాళ్లు కొత్త కార్డు అడిగితే, అమ్మాయి పేరు ఇంకా పుట్టింటి వివరాల్లోనే ఉందంటారు. బిడ్డ పేరు చేర్చమంటే తండ్రి ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) పెండింగ్‌లో ఉందంటారు. దరఖాస్తు రుసుము 24 రూపాయలు, పని తేల్చాల్సిన గడువు 21 రోజులు. డిజిటల్ అసిస్టెంట్ వివరాలు ఎక్కిస్తారు, వీఆర్వో ఈకేవైసీ చేస్తారు, తహసీల్దారు ఆమోదిస్తారు. చెప్పుకుంటే ఇంతే. ఆచరణలో మాత్రం ఎక్కడ ఆగుతుందో ఎవరికీ ముందుగా తెలియదు. బియ్యం కోసం పుట్టిన కార్డుకు బియ్యంతో సంబంధం లేనివి ఎన్నో వచ్చి చేరడమే దీనికి కారణం.

ఈ ప్రాంతం రేషన్‌ను రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే చూసింది. అప్పుడు నెల్లూరు, ఒంగోలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1952లో ముఖ్యమంత్రి రాజాజీ ఆ కంట్రోలు ఎత్తేశారు. నేటి కార్డుకు అసలు మూలం 1983లో ఎన్టీ రామారావు తెచ్చిన కిలో 2 రూపాయల బియ్యం పథకం. ఏడాదికి 6,000 రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు బియ్యం. కూలి మీద బతికే ఇంటి ఆదాయానికి కాగితాలేం ఉంటాయి? రెవెన్యూవాళ్లు రాసిందే ఆదాయం. అందులో పక్షపాతం ఉండేది, పైరవీ ఉండేది. కాకపోతే పేరు ఎవరి వల్ల ఆగిందో ఊళ్లో అందరికీ తెలిసేది, వెళ్లి అడగడానికి ఒక మనిషి ఉండేవాడు.

తర్వాత ధర పెరిగింది, తగ్గింది, 2000 తర్వాత ఒక దశలో 5.25 రూపాయలకూ చేరింది. 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి మళ్లీ 2 రూపాయలు చేశారు. 2011 నవంబరులో కిరణ్‌కుమార్‌రెడ్డి రూపాయికి దించారు. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే బియ్యాన్ని కేంద్రం ఉచితం చేసింది. రాజకీయ సభల్లో ఈ ధర గురించే ఎక్కువగా మాట్లాడతారు గానీ, కార్డు విలువను మార్చింది ధర కాదు.

మార్చింది 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ. తెల్లకార్డు, అంటే పేదలకిచ్చే రేషన్ కార్డు ఉంటే గుండె ఆపరేషన్ ఉచితం. ఆ తర్వాత పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంటుకూ అదే ఆధారమైంది. మొలగొలుకులు, మసూరి పండే నెల్లూరు డెల్టాలో స్టోరు బియ్యం వండుకోని ఇళ్లు కూడా తెల్లకార్డు కోసం తిరిగాయి. తప్పు పట్టడానికేం లేదు, ఆస్పత్రి బిల్లు ముందు మధ్యతరగతి కూడా పేదదే. అయితే ఆ గిరాకీతో కార్డుల సంఖ్య పెరిగిపోయింది. ఏరివేతకు ప్రభుత్వాలు ఒకదాని తర్వాత ఒకటిగా యంత్రాలు తెచ్చాయి. మొదట కనుపాప ఫొటోలు, తర్వాత ఆధార్ అనుసంధానం, 2015 నుంచి డీలర్ల దగ్గర వేలిముద్రల ఈపాస్ మిషన్లు.

డబ్బు లెక్క కూడా ఉంది. 2013 ఆహార భద్రత చట్టం కింద కేంద్రం గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభా వరకు భరిస్తుంది. ఇది దేశం మొత్తానికి వేసిన లెక్క. మన రాష్ట్రానికి వచ్చిన వాటా ఇక్కడున్న కార్డులన్నింటికీ సరిపోదు, మిగతా కార్డుల ఖర్చు రాష్ట్రానిదే. కొత్త కార్డంటే ఏ ప్రభుత్వమైనా చెయ్యి బిగబట్టేది అందుకే.

2019-20లో జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం బియ్యానికి, ఆరోగ్యశ్రీకి, పింఛనుకు వేర్వేరు కార్డులు ఇచ్చింది. ఆలోచన మంచిదే, బియ్యం అక్కర్లేనివాళ్లు పక్కకు తప్పుకుంటారనుకున్నారు. జనం తప్పుకోలేదు. రేపు ఏ పథకానికి ఏ కార్డు అడుగుతారోనన్న భయం పోలేదు మరి. అదే సమయంలో సచివాలయాలు, 50 ఇళ్లకో వాలంటీరు వచ్చారు. వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి ఎవరు ఏ కుటుంబమో నమోదు చేశారు. దీన్నే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటున్నారు. ఆ రోజు ఏ ఇంటి కింద పేరు పడిందో, ఇప్పటికీ దరఖాస్తు అక్కణ్నుంచే మొదలవుతుంది. 2024 తర్వాత వాలంటీర్లు లేరు, వాళ్లు నింపిన వివరాలు ఉన్నాయి.

అర్హత తేల్చే పనిని 'ఆరంచెల పరిశీలన' అనే సాఫ్ట్‌వేర్ తనిఖీకి అప్పగించారు. నెలాదాయం గ్రామంలో 10,000, పట్టణంలో 12,000 రూపాయలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపి 10 ఎకరాలలోపే ఉండాలి. కరెంటు నెలకు 300 యూనిట్లు మించకూడదు. సొంత కారు, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం ఉండకూడదు. పట్టణాల్లో ఇంటి విస్తీర్ణం కూడా చూస్తారు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు మినహాయింపు ఉంది.

భూమి నిబంధనను ఈ ప్రాంతంలో పెట్టి చూస్తే దాని మోటుతనం తెలుస్తుంది. కోవూరు వైపు పెన్నా కాలువ కింద రెండున్నర ఎకరాల మాగాణి ఉన్న ఆసామికి అడ్డు లేదు. కనిగిరి, పామూరు వైపు పదకొండు ఎకరాల మెట్ట ఉండి, వానలు మొహం చాటేస్తే హైదరాబాదుకో బెంగళూరుకో పనికి పోయే రైతుకు కార్డు రాదు. నా దృష్టిలో ఇంత తేడా ఉన్న నేలలకు రాష్ట్రమంతటా ఒకే గీత గీయడం న్యాయం కాదు.

నిబంధన కంటే ఎక్కువమందిని కొట్టేది తప్పుడు సమాచారం. ఎప్పుడో అమ్మేసిన కారు ఆర్సీ పేరు మారక ఇంకా పాత యజమాని మీదే కనిపిస్తుంది. ఇంటి ఓనరు ఆధార్‌కు అద్దెకిచ్చిన పోర్షన్ల మీటర్లన్నీ ముడిపడి యూనిట్లు 300 దాటతాయి. అన్నదమ్ములు పంచుకున్న పొలం వెబ్‌ల్యాండులో (ఆన్‌లైన్ భూమి రికార్డులో) తండ్రి పేరిటే ఉంటుంది. సచివాలయంలో ఈ తప్పు కనిపిస్తుంది, దిద్దే అధికారం మాత్రం అక్కడ ఉండదు. కారైతే ఆర్టీవో ఆఫీసు, మీటరైతే విద్యుత్ శాఖ, భూమైతే తహసీల్దారు దగ్గర సరిచేయించుకున్నాకే మళ్లీ ఇక్కడికి రావాలి. అందుకే దరఖాస్తు తిరస్కరించినప్పుడు "అనర్హులు" అన్న మాటతో వెనక్కి రాకుండా, పై నిబంధనల్లో ఏ కారణమో అడిగి రాయించుకోవడం మంచిది.

చాలాకాలం ఆగిన కొత్త దరఖాస్తులు 2025 మేలో మళ్లీ మొదలయ్యాయి. ప్రభుత్వ 'మన మిత్ర' వాట్సాప్ సేవల్లోకీ తెచ్చారు. పెళ్లి సర్టిఫికెట్ అక్కర్లేదని పౌరసరఫరాల మంత్రి నాదెండ్ల మనోహరే ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చిందంటే అప్పటికి ఎంత గందరగోళం ఉందో ఊహించుకోవచ్చు. జూన్ 1 నుంచి ఇంటి ముందుకొచ్చి రేషన్ ఇచ్చే బండ్లు ఆగి మళ్లీ డీలరు దగ్గరికి నడక మొదలైంది. ఆగస్టు నుంచి క్యూఆర్ కోడుతో ఏటీఎం కార్డు సైజులో స్మార్ట్ కార్డులు పంచారు. కార్డు మారింది, వెనకున్న లెక్కలు అవే. వలస వెళ్లినవాళ్లకు పనికొచ్చిన మార్పు దీనికంటే ముందే, 2019 ఆగస్టులో జరిగింది. ఒక రాష్ట్రం కార్డుతో మరో రాష్ట్రంలో బియ్యం తీసుకునే పోర్టబిలిటీని మొదటగా ప్రయత్నించిన రాష్ట్రాల జంటల్లో ఆంధ్ర, తెలంగాణ ఒకటి. కనిగిరి కార్డుతో హైదరాబాదులో బియ్యం తీసుకోవచ్చు.

ఈ చరిత్రలో ఏ లెక్కలోకీ రాకుండా మిగిలిపోయినవాళ్లు నెల్లూరు జిల్లాలో ఉన్నారు. చెరువు కట్టల మీద, రొయ్యల గుంటల దగ్గర కాపలాకు కుదిరి ఊరు మారుతూ బతికే యానాది గిరిజనుల్లో చాలామందికి జనన ధ్రువపత్రం లేదు, దాంతో ఆధార్ లేదు. ఆధార్ లేనివాళ్లకు మ్యాపింగ్ ఉండదు, ఆరంచెల పరిశీలన దాకా వెళ్లే అవకాశమే రాదు. వాళ్ల కోసం నెల్లూరులో ప్రత్యేకంగా గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది. సచివాలయం కంప్యూటర్లో మాత్రం ఆధార్ నంబరు కొట్టనిదే ఫారం తెరుచుకోదు.