మొక్కల కోసం తిరిగేవాళ్ళు ఎక్కడ దిగాలి? అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాకు చిన్న నర్సరీ ఉంది. వానలు మొదలైతే నర్సరీ మా ఆవిడకు అప్పజెప్పి, మొక్కలు చూడాలనుకునేవాళ్ళను వెంటబెట్టుకుని గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల కొండలు ఎక్కిస్తుంటాను. పదహారేళ్ళుగా ఇదే పని. బోటనీ చదివే పిల్లలు వస్తారు, విశాఖ, విజయనగరాల నుంచి మిద్దెతోటలు పెంచే అక్కలు వస్తారు, రిటైరైన మాస్టార్లు వస్తారు. అందరూ మొదట అడిగేది ఒకటే: "రూము ఎక్కడ తీసుకుందాం?" నేను "ఏ పువ్వు చూడాలి?" అని తిరిగి అడుగుతాను. అది తేలితే గానీ రూము సంగతి తేలదు. ఎందుకో చెప్పాలంటే ఈ అపోహలన్నీ కదపాలి.

అపోహ: టౌనులో మంచి హోటల్లో దిగి, రోజూ కారులో కొండకు వెళ్ళి రావచ్చు.

వాస్తవం: వెళ్ళి రావచ్చు. కొండ కనిపిస్తుంది, పువ్వు కనిపించదు. హోటల్లో టిఫిన్ పెట్టేది ఎనిమిదికి. బయల్దేరి ఘాట్ రోడ్డెక్కి పైకి చేరేసరికి పదిన్నర. అప్పటికి చాలా పూలు తమ పని ముగించుకుంటాయి.

ఇప్పచెట్టునే తీసుకోండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో దాని పూలు రాత్రి విచ్చుకుంటాయి. గబ్బిలాలు వచ్చి తిరుగుతాయి. తెల్లవారుజామున ఆ తెల్లటి కండగల పూరేకులు గొట్టంలా ఊడి టపటపా రాలతాయి. గూడెంలో ఆడవాళ్ళు చీకటుండగానే బుట్టలు పట్టుకుని వెళ్ళి ఏరుకొస్తారు. తొమ్మిదింటికి వెళ్ళిన మనిషికి చెట్టు కింద ఊడ్చిన నేల తప్ప ఏమీ మిగలదు. గూడెం పక్కన పడుకుని, వాళ్ళతో పాటు లేచి వెళితేనే ఆ చెట్టు వాసన ఎలాంటిదో తెలుస్తుంది. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి. ఇప్పపువ్వంటే ఎలుగుబంటికి ప్రాణం.

పంపిణి చెట్టు కూడా అంతే. పొడవాటి కత్తుల్లాంటి కాయలు అందరూ చూసే ఉంటారు, పువ్వు చూసినవాళ్ళు తక్కువ. అది రాత్రి విచ్చి, గబ్బిలాన్ని పిలిచి, తెల్లారేసరికి రాలిపోతుంది. వానాకాలంలో గడ్డి మధ్య లేచే హాబెనేరియా జాతి నేల ఆర్కిడ్లలో చాలావాటికి పరిమళం పొద్దు వాలాకే వస్తుంది, ఎందుకంటే వాటిని వెతుక్కుంటూ వచ్చేవి రాత్రి తిరిగే చిమ్మటలు. తడి రాళ్ళ మీద పెరిగే డ్రోసెరా ఇంకో రకం. జిగురు బొట్లతో పురుగుల్ని పట్టుకునే ఆ బుల్లి మొక్క పువ్వు పొద్దున ఎండలో కొన్ని గంటలు మాత్రమే తెరుచుకుంటుంది.

అందుకే నా లెక్క ఒకటే: మొక్క దగ్గరికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో పడుకోవాలి. గీజరు లేకపోయినా సర్దుకుంటాను గానీ దూరానికి సర్దుకోను.

అపోహ: ఈ కొండలకు శీతాకాలమే సీజన్.

వాస్తవం: అది మంచు చూసేవాళ్ళ సీజన్. డిసెంబరులో దేవమాలి కొండ దారిలో కార్లు బారులు తీరుతాయి, కోరాపుట్‌లో రూములు దొరకవు, దొరికినా ధర రెట్టింపు. మొక్కల మనిషికి ఆ రోజుల్లో దక్కేది ముఖ్యంగా వలిసె (నూనెగింజల పంట) చేలు. ఒడియావాళ్ళు అల్సి అంటారు. నవంబరులో కొండవాలంతా పసుపు పరిచినట్టుంటుంది, అది చూడవలసిందే, కాదనను.

చెట్ల మీద పెరిగే ఆర్కిడ్లు చాలావరకు ఏప్రిల్ నుంచి జూన్ దాకా పూస్తాయి. తొలకరి పడగానే నెర్వీలియా అనే నేల ఆర్కిడ్ భూమిలోంచి ఒంటి పువ్వై లేస్తుంది, ఆకు ఆ తరవాత వస్తుంది. జులై నుంచి అక్టోబరు దాకా నేల ఆర్కిడ్లు, కాశీతుంబ జాతులు, నీటిచెలమల దగ్గర పురుగుల్ని పట్టే యుట్రిక్యులేరియా మొక్కలు. ఆ నెలల్లో సగం లాడ్జిలు ఖాళీగా ఉంటాయి. బట్టలు ఆరవు, జలగలు పడతాయి, కొండచరియ జారి రోడ్డు మూసుకుపోతుంది. అందుకని వానల్లో తీసుకెళ్ళేటప్పుడు ఒక రోజు అదనంగా పెట్టుకోమంటాను.

మహేంద్రగిరి గురించి విడిగా చెప్పాలి. 1501 మీటర్ల కొండ. 2022లో ఒడిశా ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. పైన భీముడు, కుంతి, ధర్మరాజుల పేర్ల మీద పాత గుళ్ళున్నాయి. శివరాత్రికి జనం పోటెత్తుతారు. భక్తితో వెళ్ళేవాళ్ళు ఆ రోజే వెళ్ళాలి. మొక్కల కోసమైతే ఆ వారం వదిలేయండి, పడుకోను చోటుండదు, గడ్డి నలిగిపోయి ఉంటుంది.

అపోహ: మూడు నెలల ముందే బుక్ చేసుకుంటే నిశ్చింత.

వాస్తవం: కోరాపుట్ వైపు కాఫీ తోటలో దిగాలనుకునేవాళ్ళకు ఈ మాట అసలు పనికిరాదు. కాఫీ మొగ్గ ఎండాకాలపు మొదటి మంచి వాన కోసం ఎదురుచూస్తుంది. వాన పడిన ఎనిమిది, పది రోజులకు తోటంతా ఒక్కసారే తెల్లబడుతుంది. మల్లెపందిరి కింద పడుకున్నట్టుంటుంది రాత్రి. రెండు మూడు రోజుల్లో వడిలిపోతుంది. క్యాలెండరు చూసి బుక్ చేస్తే పచ్చటి ఆకులే చూసి వస్తారు. తోటవాళ్ళ ఫోను నంబరు దగ్గర పెట్టుకుని, వాన పడిందన్న కబురు రాగానే రూము మాట్లాడుకోండి.

అపోహ: ఐబీలు (ఇన్‌స్పెక్షన్ బంగళాలు), ఫారెస్టు రెస్ట్‌హౌసులు ఆఫీసర్లకే.

వాస్తవం: ఖాళీ ఉంటే మామూలు జనానికీ చాలాచోట్ల ఇస్తారు. డ్యూటీ మీద ఆఫీసరు వస్తే మన బుకింగు రద్దవుతుంది, ఆ సంగతి ముందే తెలుసుకుని వెళ్ళాలి. అటవీశాఖ నేచర్ క్యాంపులకు మాత్రం ఆన్‌లైన్ బుకింగ్ ఉంది. చాలా క్యాంపుల్ని చుట్టుపక్కల ఊరివాళ్ళే నడుపుతారు. వంట చేసేది, అడవి చూపించేది వాళ్ళే. సియాళి తీగ ఎక్కడుందో అడగండి, మనం అడ్డాకు అనేది దాన్నే. తునికి అంటే తెలియకపోతే కెందు అనండి.

భాషకు భయపడకండి. 1936 దాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జైపూర్ బజార్లలో తెలుగుతో పని జరిగిపోతుంది. కొండ మీద మాట్లాడేది సవర, కువి, దేశియా. అక్కడ ఆ ఊరివాడు ఒకడు తోడుండాలి.

అపోహ: "ఎకో రిసార్ట్" అని బోర్డుంటే మొక్కలకు మంచి చోటే.

వాస్తవం: ఫొటోలో గదిని చూడకండి, గది చుట్టూ చూడండి. చదును చేసిన ఎర్రమట్టి, కార్పెట్ గడ్డి, దురంత మొక్కల కంచె, రాత్రంతా వెలిగే ఫ్లడ్‌లైట్లు కనిపిస్తే నేనైతే వదిలేస్తాను. అంత వెలుగులో చిమ్మటలు దీపం చుట్టూ తిరిగి చస్తాయి, పువ్వు దగ్గరికి రావు. పాత బంగళాల ఆవరణలు దీనికి పూర్తిగా వేరు. వందేళ్ళ మామిడి, పొగడ, సంపంగి, కాండం నిండా నాచు, ఫెర్నులు, ఆర్కిడ్లు. వరండాలో కుర్చీ వేసుకుంటే చాలు, సగం వృక్షశాస్త్రం కళ్ళముందే ఉంటుంది.

అపోహ: హోమ్‌స్టే కావాలంటే గిరిజన గూడెంలో ఎవరింట్లోనైనా దిగొచ్చు.

వాస్తవం: దిగకూడదు. డొంగ్రియా కొంధులు, బొండాలు, లాంజియా సవరలు ప్రత్యేక రక్షణ ఉన్న సముదాయాలు. వాళ్ళ ఊళ్ళలో రాత్రి ఉండటానికీ, మనుషుల్ని ఫొటోలు తీయడానికీ ఆంక్షలున్నాయి. విదేశీ మిత్రులుంటే ముందే జిల్లా అధికారుల అనుమతి తీసుకోవాలి. నిబంధన లేకపోయినా నా మాట ఇదే: వాళ్ళ ఇల్లు మనకు ప్రదర్శన కాదు. ఊరికి బయట అనుమతి ఉన్న చోట దిగి, పగలు పిలిస్తే వెళ్ళండి. తోడొచ్చిన మనిషికి కూలి ముందే మాట్లాడి చేతికివ్వండి. మందు మొక్కల గుట్టు చెప్పమని వేధించకండి.

అపోహ: ఒక్క దుంప తెచ్చుకుంటే అడవికేం తరుగు?

వాస్తవం: నర్సరీవాణ్ణి, చెబుతున్నాను వినండి. వెయ్యి మీటర్ల ఎత్తున పెరిగిన నేల ఆర్కిడ్ మీ మిద్దె మీద బతకదు. దాని వేళ్ళతో పొత్తు కట్టిన బూజు ఆ మట్టిలో ఉంది, మీ కుండీలో లేదు. అభయారణ్యంలో పీకితే నేరం కూడా. ఫొటో తీసుకోండి.

అపోహ: పారే సెలయేటి పక్కన దోమలుండవు, అక్కడే దిగుదాం.

వాస్తవం: ఈ ఒక్క అపోహ ప్రాణాల మీదికి తెస్తుంది. మురుగులో పెరిగేది వేరే దోమ. మన కొండల్లో మలేరియా మోసే అనాఫిలిస్ ఫ్లువియాటిలిస్ మెల్లగా పారే తేట నీటి అంచుల్లోనే గుడ్లు పెడుతుంది, రాత్రిపూట కుడుతుంది. 2017 నుంచి ఒడిశా ప్రభుత్వం 'దమన్' పేరుతో మారుమూల ఊళ్ళలో పరీక్షలు చేసి, మందులిచ్చి, దోమతెరలు పంచాక మలేరియా బాగా తగ్గింది. తగ్గింది గానీ పోలేదు. ఏటి పక్క గది అయితే దోమతెర లేకుండా నేను పడుకోను, నా వెంట వచ్చినవాళ్ళను పడుకోనివ్వను. ఇంటికెళ్ళాక ఎప్పుడు జ్వరం వచ్చినా ఎక్కడ తిరిగొచ్చారో డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించండి. ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పెచ్చు కనిపిస్తే అదీ చూపించండి. గడ్డిలో ఉండే చిగ్గర్ అనే సన్నటి పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌కు అది గుర్తు. తిరిగొచ్చాక తడిబట్టలు గడ్డి మీద ఆరేయకండి, తీగ కట్టుకోండి.

అపోహ: చెట్టు మీద పెరిగేదల్లా బదనికే.

వాస్తవం: రూముకు దీనికి సంబంధం ఏమిటంటారా? ఉంది. నేను తరచు దిగే ఒక పాత బంగళాలో పెద్ద మామిడి ఉంది. ఏడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం చేరేసరికి అక్కడి వాచ్‌మన్ తాత నిచ్చెన వేసుకుని కొమ్మల మీది ఆర్కిడ్లను కత్తితో చెక్కేస్తున్నాడు. "బదనిక బాబూ, చెట్టు రసం తాగేస్తాది" అన్నాడు. గంపెడు కిందపడి ఉన్నాయి. నా గుండె జారిపోయింది.

బదనిక వేరు కొమ్మలోకి దిగి నీళ్ళు లాగుతుంది, నిజమే. ఆర్కిడ్ వేరు బెరడును పట్టుకుని వేలాడుతుంది అంతే, దానికి కావలసిన నీరు గాలిలో తేమా వానా ఇస్తాయి. తాతకు ఒక వేరు చేతిలో పెట్టి చూపించాను, కొమ్మకు చిల్లు లేదని ఆయనే వేలితో తడిమి చూసుకున్నాడు. ఇద్దరం సాయంత్రం దాకా కూర్చుని పడినవాటిని కొబ్బరి పీచుతో మళ్ళీ కట్టాం. కొన్ని ఎండిపోయాయి, కొన్ని పట్టుకున్నాయి.

ఇప్పుడు ప్రతి మే నెలలో తాత ఫోను చేస్తాడు. "బాబూ, మామిడి మీద నక్కతోక పువ్వు విచ్చింది, ఎప్పుడొస్తారు?" అంటాడు. ఆ రాత్రికే ఆ గది మాట్లాడేస్తాను.